సువార్త రాసిన ప్రోగ్రాం

ఒక మాట ముప్పై ఏళ్లకు పైగా నా గొంతులో అడ్డం పడి ఉంది. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన చెప్తాను. అందరూ ఒక్కసారే చెప్పే ఆ మాటల్లో ఎవరి తప్పూ విడిగా బయటపడదు. నాది కూడా ఇన్నేళ్లూ అందులోనే దాక్కుంది. ప్రార్థన అయిపోయాక పక్కన కూర్చున్న నా భార్య వైపు చూడకుండా పాటల పుస్తకం తెరిచేవాణ్ణి.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

చెప్తే చిన్న విషయంలానే ఉంటుంది. ఎవరినీ కొట్టలేదు. ఎవరి సొమ్మూ తినలేదు. ఒక అట్టముక్క తీసి జేబులో పెట్టుకున్నాను. అంతే. కానీ ఆ పని చేసింది ఒక్కసారి కాదు, తెలియక కూడా కాదు.

ఎనభైల మధ్యకాలం. హన్మకొండలో అద్దె ఇల్లు. నేను ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. నా భార్యను ఇక్కడ సువార్త అంటాను, అసలు పేరు వేరు. డోర్నకల్ అమ్మాయి. వాళ్ల నాన్న రైల్వేలో గార్డు. లెక్కల్లో బీఎస్సీ ఫస్టు క్లాసులో పాసైంది. పెళ్లయ్యాక ఉద్యోగం మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాళ్ల అన్న గల్ఫులో పనిచేసేవాడు. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు ఒక చిన్న కంప్యూటరు తెచ్చాడు. "బావా, మీరు సైన్సు మనిషి, మీకు పనికొస్తదని తెచ్చిన" అని నా చేతిలో పెట్టాడు. నా చేతిలోనే పెట్టాడు. ఆ సంగతి నేను చాలా రోజులు మనసులో పట్టుకుని ఉన్నాను.

ఇప్పటి కంప్యూటర్లు చూసినవాళ్లకు అది బొమ్మలా కనిపిస్తుంది. నోటు పుస్తకమంత నల్లటి డబ్బా. మీటలు పైకి లేచి ఉండవు, చదునైన రేకు మీద అచ్చువేసిన గళ్లలా ఉంటాయి, గట్టిగా నొక్కితేనే పలుకుతాయి. దాన్ని టీవీకి తగిలిస్తే తెర మీద అక్షరాలు వచ్చేవి. రాసిన ప్రోగ్రాం దాచుకోవడానికి టేపు రికార్డరు కావాలి. డబ్బాలో ఉన్న మెమరీ ఏ మూలకూ చాలదు కాబట్టి వెనకవైపు ఇంకో చిన్న మెమరీ పెట్టె తగిలించాలి.

మా వాడలో అప్పటికి టీవీలే తక్కువ. కంప్యూటరు సంగతి తెలిసి మా కాలేజీ లెక్చరర్లు చూడ్డానికి వచ్చేవాళ్లు. మొదట్లో నేనే చూపించేవాణ్ణి. లోలకం లెక్క ఒకటి, ఇంకేవో చిన్న లెక్కలు. నాకు అంతవరకే వచ్చింది. సువార్త మాత్రం దాంతో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చదివింది. మధ్యాహ్నం వంట పని అయ్యాక కూర్చునేది. పాత క్యాలెండరు కాగితాల వెనక ప్రోగ్రాములు రాసుకునేది. కొన్ని నెలలకు ఇంటికి వచ్చినవాళ్లు ఏదైనా అడిగితే నేను ఆమె వైపు చూడాల్సి వచ్చేది. ఒకరోజు నా తోటి లెక్చరరు నవ్వుతూ, "సార్, మనం మేడం దగ్గర ట్యూషన్ పెట్టుకోవాలె" అన్నాడు. అతను మెచ్చుకునే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అసూయ అని అప్పుడే గుర్తుపట్టానా? లేదు. ఎండలు ముదిరాయి అనుకున్నాను.

ఆ ఎండల్లోనే కంప్యూటరు మొరాయించడం మొదలైంది. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తెర మీద పిచ్చి గీతలు వచ్చేవి. తర్వాత తెల్లటి తెర. గంటసేపు కొట్టిందంతా పోయేది. క్యాసెట్‌లో దాచింది మళ్లీ ఎక్కించాలంటే ఆ టేపు కీచుమంటూ నిమిషాల తరబడి తిరగాలి, అదీ సగం సార్లు ఎక్కేది కాదు. ఎక్కిందని ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ తెల్లటి తెర.

నాకు ఒళ్లు మండేది. వోల్టేజీ సరిగ్గా లేదని స్టెబిలైజరు తెచ్చాను. ఆగలేదు. వేడికి అనుకుని టేబుల్ ఫ్యాను దాని మొహానికి తిప్పి పెట్టాను. ఫ్యాను గాలికి ఆమె కాగితాలు ఎగిరిపోయాయి గాని రోగం తగ్గలేదు. పక్కింటివాళ్లు గ్రైండరు వేసినప్పుడు పోతుందేమోనని వాళ్ల గోడకు చెవి పెట్టి నిలబడ్డాను. ప్లగ్గు మార్చాను, వైరు మార్చాను, టేపు రికార్డరును దూరంగా జరిపాను, టీవీ వెనక మూత ఊడదీసి దుమ్ము దులిపాను. ఒక్కో పని చేసినప్పుడల్లా ఇప్పుడు దొరికింది అనుకునేవాణ్ణి. ఆ పూట బాగా నడిచేది. మర్నాడు మళ్లీ మామూలే. ఫిజిక్సు చెప్పే మనిషిని. నా ఇంట్లో, నా బల్ల మీద ఉన్న డబ్బాకు ఏం రోగమో చెప్పలేకపోతున్నాను. కాలేజీలో ఎవరైనా "కంప్యూటర్ ఎట్లున్నది సార్?" అని అడిగితే చెంప మీద కొట్టినట్టుండేది.

సువార్త విసుక్కోలేదు. పోయిన ప్రతిసారీ అప్పుడు తను ఏం చేస్తోందో గుర్తుపెట్టుకునేది. ఒక సాయంత్రం ట్యూషన్ మాట అన్న ఆ లెక్చరరు మా ఇంట్లో చాయ్ తాగుతూ ఉండగా నాతో అంది:

"ఏమండీ, నేను గట్టిగ నొక్కినప్పుడే పోతాంది. మెల్లగ నొక్కితే పోతలేదు. జర ఆ వెనక పెట్టె చూడరాదుండ్రి?"

"నొక్కుడుకు మిషన్ ఆగుతదా ఎక్కడన్నా? నీ ప్రోగ్రాంలనే ఎక్కడనో తప్పున్నది. అది చూసుకో" అన్నాను. ఆ లెక్చరరుకు వినిపించేలా అన్నాను.

ఆమె కాగితాలు ముందేసుకుని వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక ఉదయం ఆమె కూరగాయలకు వెళ్లింది. నేను ఒక్కణ్ణే కూర్చుని లోలకం లెక్క కొడుతున్నాను. తెర పోయింది. కోపంతో డబ్బాను ముందుకు లాగాను. లాగినప్పుడు చూశాను, వెనక పెట్టె ఊగుతోంది. వేలితో తాకాను, ఇంకా ఊగింది. మీట గట్టిగా నొక్కితే డబ్బా ముందుకు వంగుతుంది, వెనక పెట్టె కాస్త లేస్తుంది, ఆ క్షణంలో లోపలి అతుకు వదులై మెమరీ అంతా ఎగిరిపోతుంది. పళ్లపొడి డబ్బా అట్ట చింపి, మడిచి, ఆ పెట్టె కింద దోపాను. మీటలన్నీ బాదినట్టు నొక్కాను. ఏమీ కాలేదు. ఎంతసేపు నొక్కినా ఏమీ కాలేదు.

సంతోషించాల్సింది. ఆమె వచ్చేసరికి గుమ్మంలో నిలబడి, నువ్వు చెప్పిందే నిజమైంది అనాల్సింది. ఎంత చిన్న మాట. కానీ నాకు ఆ లెక్చరరు మొహం కనిపించింది. ఆమె చెప్పింది, నేను కాదన్నాను, ఆమె చెప్పిందే నిజం. ఇది బయటికి వస్తే ఇంకెన్నిసార్లు నవ్వుతూ అంటాడు ఆ ట్యూషన్ మాట? గేటు చప్పుడైంది. అట్టముక్క తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

ఆ రోజుకు అంతే అనుకున్నాను. రేపు నేనే కనిపెట్టినట్టు చెప్దాం అనుకున్నాను. మర్నాడు ఉదయం మళ్లీ దోపి నా లెక్క చేసుకున్నాను, ఆమె వచ్చి కూర్చునేముందు తీసేశాను. తర్వాతి రోజూ అంతే. పైగా ఒకసారి, "చూసినవా, నాకు ఒక్కసారన్న ఆగలే" అన్నాను. దాచడం ఒక ఎత్తు. ఈ మాట అనడం ఎందుకు? ఆమె నమ్మాలని. ఆమె మెదడు మీద ఆమెకే అనుమానం రావాలని. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. తెలుసు.

మా చర్చి పరిచయాల ద్వారా ఒక బాలికల స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌కు సువార్త సంగతి తెలిసింది. ఆమె కన్యస్త్రీ. స్కూల్లో ఆడపిల్లలకు కంప్యూటరు క్లాసు పెట్టాలని ఆమె ఆశ. చెప్పేవాళ్లు వరంగల్‌లో దొరకడం లేదు. సువార్త క్లాసు మొత్తం మార్కులు కూడి ర్యాంకులు వేసే ప్రోగ్రాం ఒకటి రాస్తోందని విని, ఇంటికి వచ్చి చూస్తానని కబురు పంపింది. బాగుంటే సువార్తనే టీచరుగా పెట్టుకుంటానంది. ఆ వారమంతా సువార్త కాళ్లు నేల మీద నిలవలేదు. తన పెళ్లికి పెట్టిన చీర బయటికి తీసి ఇస్త్రీ చేసుకుంది.

ఆ పొద్దున అట్టముక్క పెట్టేద్దామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అయితే ఏం, పెట్టలేదు కదా.

సిస్టరు ఒక టీచరును వెంటబెట్టుకుని మధ్యాహ్నం వచ్చింది. సువార్త టేపు ఎక్కించింది. తెర మీద పిల్లల పేర్లు వరసగా వచ్చాయి. సిస్టరు కుర్చీ ముందుకు జరుపుకుంది. సువార్త మార్కులు కొట్టడం మొదలుపెట్టింది. కంగారులో గట్టిగా నొక్కుతోంది. తెల్లటి తెర. క్షమించండి సిస్టర్ అని మళ్లీ ఎక్కించింది. ఆ టేపు కీచుమంటూ తిరిగింది. మార్కులు కొట్టేచోటికి వచ్చేసరికి తెర మళ్లీ పోయింది. మూడోసారి ఎక్కిస్తుంటే ఆమె మెడ మీద చెమట ధారగా కారడం నేను చూశాను. అట్టముక్క నా జేబులోనే ఉంది. చెయ్యి జేబు దాకా వెళ్లింది. లేచి రెండడుగులు వేస్తే చాలు. నేను వాళ్లకు చాయ్ తేవడానికి వంటింట్లోకి వెళ్లాను.

సిస్టరు మంచిది. ఫర్వాలేదమ్మా, ఇంకోసారి వస్తాను అంది. వాళ్లు వెళ్లాక సువార్త టీవీ ఆపి, వైర్లన్నీ ఊడదీసి చుట్టి పెట్టింది.

"ఆమెను మళ్ల రావద్దని చెప్పుండ్రి. నాతోటి కాదు."

"గట్లెందుకంటవ్? ఫికర్ చెయ్యకు, మెల్లగ నేర్చుకుందువు తియ్యి."

"ఎంత వెతికినా తప్పు యాడున్నదో దొరుకుతలేదు. నాకు కనిపిస్తలేదంటే నాకు రానట్టే గదా. పిల్లలకు ఏం చెప్పాలె నేను?"

నేను ఆమె తల నిమిరాను. ఓదార్చాను. ఆ చేత్తోనే.

సిస్టరు మళ్లీ కబురు పంపినా సువార్త పోలేదు. తర్వాత హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి ఆ స్కూల్లో చేరారు. ఏడాది తిరక్కుండా వాళ్ల అన్న ఆ డబ్బా తిరిగి తీసుకుపోయి ఎవరికో ఇచ్చేశాడు. సువార్త ఇంట్లో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ వచ్చింది, బాగా చెప్పేదని పేరు కూడా తెచ్చుకుంది. కంప్యూటర్లు ఇళ్లలోకి, బ్యాంకుల్లోకి వచ్చాయి. ఆమె మాత్రం వాటిని ముట్టేది కాదు. బ్యాంకులో మిషను దగ్గర నన్ను ముందుకు నెట్టేది. ఏ మిషను ఆగినా, "నేనే ఏదో తప్పు నొక్కినట్టున్న" అని చెయ్యి వెనక్కి తీసుకునేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నోరు తెరవలేదు. ఇన్నేళ్ల తర్వాత చెప్పి ఏం లాభం, ఆమె మనసు కష్టపెట్టడం తప్ప అనేవాణ్ణి నాలో నేను. ఆమె మనసు గురించి ఎంత శ్రద్ధ నాకు!

పోయిన నెల ఒక ఉదయం ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను. ఎందుకు ఆ రోజే అంటే తెలియదు. ముందు అనుకున్నది కాదు. వెనక పెట్టె ఊగడం, అట్టముక్క, జేబు, సిస్టరు వచ్చిన రోజు, అన్నీ. నడుమ ఎక్కడా ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్లీ దాచుకుంటానని భయం. ఆమె చేతులు కాయలు ఒలుస్తూనే ఉన్నాయి. తిడుతుందని చూశాను. ఏడుస్తుందని చూశాను. చివరికి ఒక్క మాట అడిగింది.

"అయితే నా ప్రోగ్రాం సరిగ్గనే ఉండెనా?"

"సరిగ్గనే ఉండె."

"ర్యాంకులు సమానమొస్తే ఏం జెయ్యాలెనో అది కూడా రాసిన అందుల" అంది. నాతో కాదు. నా మొహం వైపు కూడా చూడలేదు. చేతిలోని చిక్కుడుకాయను అట్లాగే పట్టుకుని గోడవైపు చూస్తూ, పెదవులు మెల్లగా కదుపుతూ ఉండిపోయింది. ఆ వరసలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటోందని నాకు అర్థమైంది. లేచి బయటికి వచ్చేశాను. అక్కడ నాకు చోటు లేదు.

ఆ తర్వాత ఆమె ఆ ఊసు ఎత్తలేదు. క్షమించానని అనలేదు, క్షమించనని కూడా అనలేదు. వేళకు అన్నం పెడుతోంది, అడిగినదానికి జవాబు చెప్తోంది. పక్కన కూర్చుని చర్చిలో ఆ ప్రార్థన చెప్తోంది. నేనూ చెప్తున్నాను. ఆమెతో చెప్పింది సరిపోలేదు. ఆ రోజు సిస్టరు ముందు, ఆ లెక్చరరు ముందు అనాల్సిన మాట, వాళ్లిప్పుడు ఎక్కడున్నారో తెలియదు, ఇక వాళ్లతో ఎప్పటికీ అనలేను. అందుకని మీతో అంటున్నాను. ప్రోగ్రాంలో తప్పు లేదు. ఆమె ఎక్కడా తప్పు చేయలేదు. నాకు తెలుసు, అప్పుడే తెలుసు.

ఇంతే చెప్పాల్సింది. రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది.