గ్రిల్‌ని బయట పెట్టిందెవరు

నాకు భయాలు ఎక్కువే. ద్రాక్షపండు పాప గొంతులో ఇరుక్కుంటుందేమోనని, కార్ సీట్ బెల్టు సరిగ్గా పడలేదేమోనని, స్టవ్ ఆపకుండా వచ్చేశానేమోనని. కానీ ఇన్ని భయాల్లో దయ్యాలకు ఎప్పుడూ చోటు లేదు. ఇప్పుడైనా ఉందని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పాప నిద్రపోయింది, నాకింకా నిద్ర పట్టలేదు.

మేం అమెరికాలో, అరోరా అనే ఊళ్లో ఉంటాం. పోయిన వేసవి చివర్లో మా అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఒక ఆర్‌వీ అద్దెకు తీసుకున్నాం. పడకలు, వంటగది అన్నీ ఉండే పెద్ద బండి. అందులో విస్కాన్సిన్ వైపు క్యాంపింగ్‌కి బయల్దేరాం. మా ఆయన సందీప్, నేను, అత్తయ్యగారు, ఇంకా ఏడాది నిండని మా మేధ.

వెళ్లే ముందు, ఆరుబయట కాల్చుకు తినడానికి కొనాల్సిన గ్రిల్ గురించి పెద్ద వాదనే జరిగింది. సందీప్ గ్యాస్‌ది కొందామన్నాడు. పాప ఉండే బండిలో ఇంకో సిలిండర్ వద్దని నేను పట్టుబట్టాను. చివరికి చిన్న బొగ్గుల గ్రిల్ కొన్నాం. మూడు కాళ్లు, గుండ్రటి మూత, మోయడానికి బకెట్‌కి ఉన్నట్టు ఒక ఇనప పిడి. దాన్ని చూసి అందరికంటే సంబరపడింది అత్తయ్యగారు.

"గ్యాస్‌ది కొనుంటే పాపకి సాంబ్రాణి దేని మీద వేసేదాన్ని? ఈ దేశం వచ్చాక నిప్పు మొహం చూళ్లేదు నేను," అన్నారు.

తలంటు పోసిన పసిపిల్లల జుట్టుకు నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పొగ పట్టించడం మా వాళ్లకు అలవాటు. ఇంట్లో స్మోక్ అలారం మోగుతుందని నేను ఒక్కసారి కూడా వేయనివ్వలేదు. ఆ ట్రిప్‌లో ఆవిడ ముచ్చట తీరుతుందని నేనూ సంతోషించాను.

రెండో రోజు మధ్యాహ్నం బయట బల్ల మీద మొక్కజొన్న పొత్తులు, చికెన్ కాల్చుకుని తిన్నాం. అత్తయ్యగారు లోపల పాపకు తలంటు పోశారు. అంతలో వాన మొదలైంది. సందీప్ గ్రిల్‌ని లోపలికి తెచ్చి తలుపు దగ్గర రేకు పళ్లెం మీద పెట్టాడు. అప్పటికే బొగ్గులు బూడిద పట్టాయి. అత్తయ్యగారు చిటికెడు సాంబ్రాణి వేసి, పాపను అటూ ఇటూ తిప్పుతూ పొగ పట్టించారు.

అయ్యాక సందీప్ గ్రిల్‌ని బండి కింద సామాన్ల అరలో పెట్టేస్తానన్నాడు. ఆ అర పక్కనే బండి గ్యాస్ సిలిండర్ ఉంటుంది.

"వద్దు, వేడి తగ్గేదాకా నా కళ్లముందే ఉండనీ," అన్నాను.

"నువ్వు చూస్తూ ఉంటే తొందరగా చల్లారుతుందా?" అని నవ్వి, మూత పెట్టి వదిలేశాడు.

తలంటుకున్న పాపకు చల్లగాలి తగలకూడదని అత్తయ్యగారు కిటికీలన్నీ మూసేశారు. పొగ రానంత మాత్రాన బొగ్గులు ఆరినట్టు కాదని, మూసిన చోట అవి విషవాయువు వదులుతాయని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. గ్యాస్‌కి భయపడ్డ నేను బొగ్గులకు భయపడలేదు. బండంతా సాంబ్రాణి వాసన హాయిగా ఉంది. పాప తల కింద పసుపు తువ్వాలు మడిచి పెట్టి, పక్కనే పడుకున్నాను.

పాప ఏడుపుకి మెలకువ వచ్చింది. తల పగిలిపోతోంది. పాప తల ఉత్త పరుపు మీద ఉంది, తువ్వాలు లేదు. సందీప్‌ని ఎంత కుదిపినా చాలాసేపటికి గానీ కళ్లు తెరవలేదు. అత్తయ్యగారు లేచి కూర్చోలేకపోయారు. తలుపు దగ్గర రేకు పళ్లెం ఒక్కటే ఉంది. గ్రిల్ లేదు.

తలుపుకి లోపలి గడియ వేసే ఉంది. తీసి చూశాను. గ్రిల్ బయట బల్ల మీద, జోరు వానలో, మూత తీసి ఉంది. బొగ్గులు తడిసి నల్లగా అయ్యాయి. ఇనప పిడికి మా పాప తువ్వాలు చుట్టి ఉంది.

అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసి, అది కార్బన్ మోనాక్సైడ్ అని చెప్పారు. అందరికీ ఆక్సిజన్ పెట్టారు. పాప ఏడవకపోయి ఉంటే మీరు లేచేవారు కాదేమో అన్నారు డాక్టర్. బండిలో ఆ వాయువుని పసిగట్టే అలారం పాతబడి పనిచేయడం లేదని తరవాత తెలిసింది.

"మత్తులో నువ్వే పెట్టుంటావ్," అన్నాడు సందీప్.

ఆ గాలి పీల్చినవాళ్లు తాము చేసిన పని మర్చిపోవచ్చని డాక్టర్ కూడా చెప్పారు. ఆ మాట నమ్మాలని నాకూ ఉంది. కానీ మెలకువ వచ్చేసరికి నా బట్టల మీద ఒక్క చుక్క తడి లేదు. సందీప్ బట్టలూ, అత్తయ్యగారి చీరా పొడిగానే ఉన్నాయి. లోపల వరసగా విడిచిన మా చెప్పులకు బురద లేదు. వాన అప్పటికింకా కురుస్తూనే ఉంది.

ఊరికి వెళ్లిపోయే ముందు అత్తయ్యగారు ఒక మాట అన్నారు. "అమ్మాయ్, వేడి పిడి పట్టుకోడానికి మసిగుడ్డ తలుపు పక్కనే వేలాడుతోంది కదా. అది వదిలేసి పసిదాని తల కింద గుడ్డే ఎందుకు లాగుతారు? ఏడిపించడానికే. నిన్ను లేపడానికే."

 

గ్రిల్‌ని మేం మార్చలేదు. ఇప్పుడు వంట అవగానే బొగ్గుల మీద నీళ్లు పోస్తాం, పూర్తిగా చల్లారాకే సంచిలో పెట్టి బయటి అరలో సర్దుతాం. అది మాత్రం ఎప్పుడూ లోపలికి రాదు. ఏ బండి తీసుకున్నా మా సొంత అలారం వెంట ఉంటుంది.

పసుపు తువ్వాలు ఉతికి వాడుకుంటున్నాం. ఇది రాస్తుంటే మేధ దాని మీదే తల పెట్టుకుని పడుకుని ఉంది. ఆ రోజు దాన్ని తీసింది ఎవరో నాకు తెలియదు. మళ్లీ తీయాల్సి వస్తే మొహమాటపడకండి అని మాత్రం రోజూ లైట్ ఆర్పే ముందు ఆ తీసినవాళ్లకి చెప్పుకుంటాను.