ఎనాక్ పిండర్ బందెలదొడ్డి

ఎనాక్ పిండర్‌కి ఒక్కటే పిచ్చి. ఊళ్ళో తప్పిపోయి తిరుగుతున్నది ఏది కనబడినా పట్టుకుపోయి ఊరి పాత బందెలదొడ్డిలో పెట్టి తాళం వేసేవాడు. గొర్రె, మేక, పంది అంటే సరే. ఒకసారి చర్చి గోడకు ఆనించి ఉన్న పాస్టరుగారి సైకిల్ని కూడా పట్టుకుపోయాడు.

"అది సైకిలయ్యా!" అని పాస్టరుగారు మొత్తుకున్నాడు.

"కట్టెయ్యలేదు. పక్కన మనిషీ లేడు. మరి దాన్నేమనాలి?"

ఇదంతా ఇంటిపేరు తెచ్చిన తంటా. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట మా యార్క్‌షైర్ ఊళ్ళల్లో, పరాయి చేలో పడ్డ పశువును పట్టి రాతిదొడ్డిలో మూసేవాణ్ణి పిండర్ అనేవాళ్ళు. తండ్రి పని కొడుక్కి వచ్చి, కొన్నాళ్ళకి పని పేరే ఇంటిపేరై కూచుంది. తరవాత కంచెలొచ్చాయి, పని పోయింది, పేరు మిగిలింది. మిగతా పిండర్లందరూ బుద్ధిగా పేరు మోసుకుని ఊరుకున్నారు. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మా ఎనాక్‌కి మాత్రం అప్పుడు గుర్తొచ్చింది, తన అసలు ఉద్యోగం ఇంకా మొదలే పెట్టలేదని.

ఊరుకుంటాడా, మా పేర్ల మీదా పడేవాడు. "లిస్టర్ అంటే బట్టలకు రంగులద్దేవాడు. చేతికి చుక్క రంగు అంటదు, నువ్వేం లిస్టర్‌వయ్యా?" అని పంచాయతీ పెద్ద సెసిల్ లిస్టర్‌ని నడిబజారులో నిలదీశాడు. ఆ కోపం లిస్టర్‌కి చివరిదాకా పోలేదు.

"వెబ్‌స్టర్ అంటే నేతగత్తె. సూదిలో దారం ఎక్కించలేవు, నువ్వేం వెబ్‌స్టర్‌వి అమ్మాయ్?" అన్నాడు నన్ను. అమ్మాయికి అప్పటికి అరవై రెండు.

"ఆ పేరు మా ఆయనది. సమాధిలో ఉన్నాడు, వెళ్ళి అడుగు," అన్నాను.

దొడ్డిలో పడ్డదాన్ని విడిపించుకోవాలంటే యజమానే రావాలి, మనిషిని పంపితే కుదరదు. గేటు ముందు నిలబడి "ఇది నాదే, నేనే వదిలేశాను" అనాలి. అప్పుడు ఎనాక్ తాళంచెవి వెతకడం మొదలుపెట్టేవాడు. గంట పట్టేది. ఆ గంటా మనల్ని రాతి అరుగు మీద కూచోబెట్టి, కషాయంలాంటి టీ ఇచ్చి, ఇంత పార్కిన్ అనే అల్లంకేకు ముక్క చేతిలో పెట్టేవాడు. తాళంచెవి తన మెళ్ళోనే వేలాడుతుండేది.

మా ఆయన పోయిన శీతాకాలం నేను ఐదు నెలలు గడప దాటలేదు. వసంతం రాగానే నా పెద్దబాతుకి ఏమొచ్చిందో, ప్రతి గురువారం తప్పిపోయేది. తిట్టుకుంటూ వెళ్ళేదాన్ని. అక్కడే ఒకనాడు సగ్డెన్ అన్నదమ్ములు హెరాల్డ్, విల్ఫ్ కనబడ్డారు. వాళ్ళమ్మ గోడగడియారం ఎవరిదన్న తగువుతో తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఇద్దరి గొర్రెలూ ఒకేరోజు దొడ్డిలో పడితే ఒకే అరుగు మీద చెరో చివర కూచుని టీ ఊదుకుంటున్నారు. మూడోసారికి చివరలు దగ్గరయ్యాయి.

ఇంతలో లిస్టర్, ఆ దొడ్డి పడగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేద్దామన్నాడు. ఊరంతా హాల్లో చేరాం. ఎనాక్ టోపీ ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూచున్నాడు. ఉన్న ఆ ఒక్క దొడ్డీ పోతే ఆయనకి మిగిలేది ఉత్త పేరే.

లిస్టర్ లేచి వేలు చూపించాడు. "ఈయన దొంగ! మంగళవారం సగ్డెన్ల గేటు ఈయనే తియ్యడం నా కళ్ళతో చూశాను. ఏ పశువూ తప్పిపోవడం లేదు, ఈయనే తోలుకుపోతున్నాడు!"

ఎనాక్ చెవులు బీట్‌రూట్ దుంపల్లా అయ్యాయి.

నేను లేచాను. "నా గేటుకి ఇనపతీగె చుట్టి మూడు ముళ్ళు వేశాను లిస్టరూ. బాతుకి వేళ్ళుండవు. ఈ సంగతి నాకు రెండో గురువారమే తెలుసు."

"తెలిసీ చెప్పలేదా?"

"చెబితే మానేస్తాడు."

విల్ఫ్ సగ్డెన్ గొంతు సవరించుకున్నాడు. "ఆయన మా గొర్రెను లాక్కెళ్తుంటే మా అన్నయ్య కిటికీలోంచి చూశాడు."

"చూశాను," అన్నాడు హెరాల్డ్. "అది మొండికేస్తే వెనకనించి తోశాను కూడా."

హాలంతా ఘొల్లున నవ్వింది. చేతులెత్తమంటే దొడ్డి ఉండాలని నలభై ఒకటి లేచాయి, పడగొట్టాలని ఒక్కటి. బల్లలు చరిచాం, పాస్టరుగారు కుర్చీ ఎక్కి ఈలేశాడు. ఎనాక్ నా దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు: "అమ్మాయ్, ఆ మూడో ముడికి నా గోరు విరిగింది."

పది రోజులకి దొడ్డిలో ఒక తాబేలు కనబడింది. లిస్టర్‌ది. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనకి తోడు అదొక్కటే. ఇల్లు మైలు దూరం, అదీ కొండ అవతల.

లిస్టర్ వచ్చాడు. తాబేలుని చూశాడు, ఎనాక్‌ని చూశాడు, గోడమీంచి తొంగిచూస్తున్న మా అందర్నీ చూశాడు.

"ఇది నడిచే వచ్చింది," అన్నాడు గట్టిగా. "చాలా చురుకైన జాతి."

"చూస్తేనే తెలుస్తోంది," అన్నాడు ఎనాక్.

లిస్టర్ కోటు విప్పి అరుగు మీద కూచున్నాడు. వాన మొదలైనా లేవలేదు. ఆయన మూడో కప్పు టీ తాగేసరికి ఆ చురుకైన జాతి రెండడుగులు వేసింది.