“మంచినీళ్లే తాగుతున్నాం డాక్టర్‌గారూ!”

ఆ ఆదివారం చర్చిలో పాట పాడుతుంటే కడుపులో తిప్పింది. ఇంటికొచ్చాక కోడికూర వాసన కూడా పడలేదు. ఆదివారం కోడికూర వద్దన్నానంటే నాకేదో అయినట్టే! మూడోరోజుకి కళ్లు పచ్చబడ్డాయి. సికింద్రాబాద్‌లో ఆస్పత్రికి వెళ్తే ఎల్.ఎఫ్.టి., అంటే కాలేయం పరీక్ష, చేశారు. బిలిరుబిన్ బాగా పెరిగిందన్నారు.

“ఏ నీళ్లు తాగుతున్నారు?” అని డాక్టర్‌గారు అడిగారు.

“మంచినీళ్లేనండీ!”

“మంచివని ఎవరు చెప్పారు?”

నాకు ఒళ్లు మండింది. యాప్రాల్‌లో మా బావి నీళ్లు తియ్యగా ఉంటాయని వీధిలో సగంమంది బిందెలతో వచ్చేవారు. పైగా ఇల్లు కట్టినప్పుడే టెస్ట్ చేయించాం. ఆ మాటే గట్టిగా చెప్పాను.

“ఎన్నేళ్లయింది?”

“పన్నెండేళ్లు.”

ఆయన పెన్ను కింద పెట్టేశారు.

రిపోర్టులో హెపటైటిస్ ‘ఇ’ అని వచ్చింది, మురికినీళ్లతో వచ్చే కామెర్లన్నమాట. “రెస్ట్ తీసుకోండి, తగ్గుతుంది. ఇంట్లో ప్రెగ్నెంట్ ఎవరైనా ఉన్నారా? వాళ్లకి వస్తే ప్రాణానికే ప్రమాదం” అన్నారు.

మా కోడలు సునీతకి ఏడోనెల! వెంటనే ఆమెనీ పిలిపించి రక్తం తీశారు.

రిపోర్ట్ వచ్చేదాకా నా తప్పే గుర్తొస్తూ ఉంది. వానలు మొదలైనప్పుడే సునీత, “అత్తమ్మా, నీళ్లు జెర వాసనొస్తున్నయ్. నేను మసలబెట్టుకుని తాగుతా” అంది. మెట్టుగూడలో నల్లా నీళ్లు తాగి పెరిగిన పిల్ల మా బావికి వంక పెడుతుందా అని ఉక్రోషం. తేడా ఏం తెలుస్తుందిలే అని రెండుసార్లు ఆమె సీసాలో పచ్చినీళ్లే నింపాను. చివరికి ఉండబట్టలేక ఏడుస్తూ ఆమెకే చెప్పేశాను.

సునీత నవ్వింది. “నాకెర్కనే అత్తమ్మా. మూత తీస్తేనే వాసనొచ్చింది. గులాబీ మొక్కలకు పోసిన. మీరు పరేషాన్ గాకుండ్రి.”

మర్నాడు ఆమె రిపోర్ట్ నెగటివ్ అని వచ్చింది! ఆ పసుపు కళ్లతోనే కోడలిని వాటేసుకుని గంతేశాను.

నాకు మాత్రం రెండోవారంలో బిలిరుబిన్ ఇంకా పెరిగి, సెలైన్ పెట్టాల్సి వచ్చింది. ఈలోగా బావి నీళ్లు ల్యాబ్‌కి పంపితే మురుగులో ఉండే కోలిఫామ్ బాక్టీరియా ఉందన్నారు. పక్కింటివాళ్లు మా గోడవారనే కొత్తగా సెప్టిక్ ట్యాంక్ కట్టారు. పన్నెండేళ్లనాటి టెస్టులో చూసింది ఉప్పు, సున్నం మాత్రమేనట! బిందెలతో వచ్చేవాళ్లకి గేటు దగ్గరే నిలబడి నేనే చెప్పాను. సిగ్గేసినా చెప్పాను.

ఇప్పుడు నాకు పూర్తిగా నయమైంది. మనవరాలు ఇల్లంతా పాకుతోంది! నీళ్లు కాచే తాగుతున్నాం.

బావి ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఏడాదికొకసారి, వానలు వెళ్లగానే, బాక్టీరియా టెస్ట్ చేయించండి. దగ్గర్లో సెప్టిక్ ట్యాంక్ కట్టినా, నీళ్ల రంగూ రుచీ మారినా ఏడాది ఆగొద్దు. ఇంట్లో ఒక్కరికి వాసనొచ్చినా సరే, ఆ ఒక్కరూ కోడలైనా సరే, ఆ రోజే సీసా పట్టుకుని ల్యాబ్‌కి వెళ్లండి.