తంగేడుకు పోసిన నీళ్లు

చెబితే నవ్వుతారేమో. ఒక చెట్టు కోసం ఇన్నేళ్లుగా మనసులో ఇంత బరువు మోస్తున్నానంటే ఎవరు మాత్రం నవ్వరు? అయినా మీకు చెబుతాను. ఇంట్లోవాళ్లకు చెప్పే ధైర్యం లేదు.

మాది మేడ్చల్. శామీర్‌పేట వైపున్న మా పొలం ప్లాట్లకు అమ్మినప్పుడు, మా అత్తమ్మ సంతకం పెట్టి, గట్టు మీది తంగేడు కాయలు కొంగున కట్టుకొని వచ్చింది. ఆ గింజలు మా గేటు పక్కన వేసింది. నీళ్లు పోయకుండానే చెట్టు ఎదిగింది. ఎండలకు కుండీల్లో నా గులాబీలు మాడిపోతుంటే దానికి ఒక్క ఆకూ వాడేది కాదు. బతుకమ్మ పండుగ వస్తే వాడలోని ఆడవాళ్లంతా తంగేడు పూల కోసం అత్తమ్మ చుట్టూ చేరేవారు. వాళ్లందరి ముందూ "మా కోడలి గులాబీలకు కూలర్ పెట్టియ్యాలె" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. లోపల ఒళ్లు మండేది.

ఒక వానాకాలం ఆమె కీసరలో కూతురి దగ్గర నెల్లాళ్లు ఉండిపోయింది. ఆ నెలంతా నేను తంగేడుకు నీళ్లు పోశాను. చెట్టు మొదలు చుట్టూ పాదు తీసి, వానలు పడుతున్నా, మా ఆయన డ్యూటీకి వెళ్లగానే పైపు పెట్టి నింపేదాన్ని. ఎవరైనా చూసినా ఏమంటారు? నీళ్లు పోయడం తప్పా? తడి నిలిస్తే తంగేడు వేళ్లు కుళ్లుతాయని అత్తమ్మే ఒకసారి చెప్పింది, కాబట్టి తెలియక చేశానని అనలేను. ఆమె వచ్చే ముందు పాదు పూడ్చేశాను.

బతుకమ్మ నాటికి చెట్టు ఎండిపోయింది. అత్తమ్మ దాని పక్కన కూర్చుని ఒక కొమ్మ విరిచి చూసింది.

"గిదేమైంది బిడ్డా దీనికి? నువ్వేమన్న జూసినవా?"

"నాకేం తెలుస్తది అత్తమ్మా."

అత్తమ్మ విరిచిన కొమ్మను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "భూమి అమ్ముకున్నోళ్ల ఇంట్ల గిది ఎట్ల నిలుస్తది? గా సంతకం నేను పెట్టకుండ ఉండాల్సుండె."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఎందుకు చెప్పలేదు? తిడుతుందనా? ఆమె తిట్లు నాకు కొత్త కావు. నేరం తనదే అనుకొని నన్ను అనుమానించనందుకు నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి చేయి రావడం లేదు. చెట్టుకు చేసినదానికన్నా ఇదే పెద్ద తప్పు. ఆ తర్వాత ఆమె ఏ బతుకమ్మలోనూ తంగేడు పెట్టలేదు. ఎవరైనా తెచ్చి ఇచ్చినా పక్కన పెట్టి, బంతిపూలతో పేర్చుకునేది. చివరిదాకా అంతే. అలాగే పోయింది.

నిరుడు అదే చోట నేను తంగేడు గింజలు వేశాను. ఈ ఏడు పూసింది. "అత్తమ్మ యాదికి పెంచుతున్నవ్, మంచి కోడలివి" అంటున్నారు వాడవాళ్లు. ఆ మాట వినలేకపోతున్నాను. అందుకే ఇది రాశాను. క్షమించమని అడగడానికి ఆమె లేదు. రాశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

భూమి అమ్మినందుకు పోలేదు అత్తమ్మా, నీ చెట్టు. నేనే నీళ్లు పోశాను.