కొర్రమట్టలను బయటికి తీసిన రోజు

పోయిన బుధవారం పొద్దున చేపల తొట్టె వడపోత కడుగుతుంటే కరీంనగర్ దవాఖాన నుంచి మామ ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది అల్లుడా" అన్నాడు, అంతే. చేతుల నిండా బురద. కడుక్కోవాలని కూడా తోచక అట్లాగే నిలబడ్డాను. ఆమె నాకు మేనత్త, మా బాపుకు అక్క. చేపల పెంపకంలో డిప్లొమా చదివింది నేను, పెంపకం నేర్పింది మాత్రం ఆమె.

ఇరవై ఏండ్లు సొంత మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టింది. ఆ దుమ్ము ఛాతీలో చేరి దగ్గు పట్టుకుంటే, సగం మగ్గాలు అమ్మేసి ఆ జాగాలో సిమెంటు తొట్టె కట్టించింది. వాడిన నీళ్లనే వడగట్టి, గాలి పట్టించి, మళ్లీ తొట్టెలోకి తిప్పే పద్ధతి. నడుమ వల కట్టి ఒక పక్క కొర్రమీను, మా దిక్కు మాటలో కొర్రమట్ట, ఇంకో పక్క తిలాపియా వేద్దామన్నది నా తెలివి. సందు దొరికితే కొర్రమట్ట తిలాపియాను మింగేస్తుంది. వల చిరిగిందా, నా తెలివి తెల్లారినట్టే.

అందుకే అత్త రోజూ పొద్దున వల పొడుగునా వేళ్లతో తడిమి చూసేది. మేత ముందు కొర్రమట్టలకే. "ఆకలి మీదున్నోడు పక్కోన్నే చూస్తడు. ముందుగాల వాని కడుపు సూడు" అనేది. సోమవారం సోమవారం జనరేటర్ నడిపి చూడాలన్నది ఆమె పెట్టిన ఇంకో నియమం. ఆ పని నాది.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక సోమవారం మధ్యాహ్నం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. పక్కన మగ్గాల చప్పుడు ఆగింది, మా మోటార్లూ ఆగాయి. జనరేటర్ తాడు గుంజాను. అంటుకోలేదు. పదిసార్లు గుంజినా అదే కథ. మెకానిక్ కరీంనగర్ నుంచి రావాలి.

"పొద్దున నడిపినవ అల్లుడా?" అన్నాడు మామ.

"నడిపిన. బాగనే ఉండె."

అబద్ధం. నెల రోజులుగా దాన్ని ముట్టుకోలేదు. అత్త వచ్చి జనరేటర్ చుట్టూ ఒకసారి చూసింది. తొట్టె దిక్కు నడిచింది.

అప్పటికే తిలాపియాలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. కొర్రమట్టలకు ఫికర్ లేదు. అవి పైకొచ్చి మనలాగే గాలి మింగుతాయి. తిలాపియాకు నీళ్లలో కలిసిన గాలే దిక్కు.

"ధర కొర్రమట్టలకే గద. అవి బతుకుతయి. గవ్వి పోతె పోనియ్" అన్నాడు మామ.

"ధర మనం పెట్టినం. వాటికేం ఎరుక?" అంది అత్త. "కొర్రమట్టలను బయటికి తీయుండ్రి. పైగాలితోని బతికేటియి నీళ్లల్ల గాలి కూడ ఎందుకు తినాలె?"

బంగారమసొంటి చేపలను బయట పడేస్తోందని మామ నెత్తి కొట్టుకున్నాడు. మగ్గాలు ఆగి ఊరికే కూర్చున్న పక్కవాళ్లు మాత్రం టబ్బులు పట్టుకొచ్చారు. కొర్రమట్టలను చేతివలతో ఎత్తి, జానెడు నీళ్ల టబ్బుల్లో వేసి, ఎగిరిపడకుండా తడి గోనెలు కప్పాం. తర్వాత నీళ్లలో గాలి కలవాలని అందరం తొట్టె నీళ్లనే చెంబులతో ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉండిపోయాం. అత్త ఒక చెంబు పోస్తే రెండుసార్లు దగ్గేది. కూర్చోమంటే వినలేదు. తిలాపియాలు ఒకటొకటిగా వెల్లకిలా తేలుతుంటే నేను ఇంకా జోరుగా పోశాను. పొద్దు వాలే వేళకు మెకానిక్ వచ్చి జనరేటర్ నడిపించాడు. కొన్ని పోయాయి, చాలామటుకు బతికాయి.

ఆ అబద్ధం ఏడాది పాటు నా లోపలే ఉంది. ఆమె పోవడానికి మూడు రోజుల ముందు, దవాఖానలో ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్న మనిషిని చూసి ఇక ఆపుకోలేక చెప్పేశాను. అత్త మాస్కు కొంచెం జరిపింది.

"ఎరుకే కొడుకా. జనరేటర్ పొగ గొట్టం మూతికి సాలెపురుగు గూడు కట్టి ఉండె."

"మరి ఎందుకు అడగలే అత్తా?"

ఊపిరి కూడదీసుకుంది. "అడిగితే నాకు భయపడి నడుపుతవు. నేను లేనినాడు ఎవలికి భయపడి నడుపుతవు?"

నాకు ఏడుపొచ్చింది. మాస్కు సరిచేసి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

నిన్న సోమవారం. షెడ్డులో నేనొక్కణ్నే. కరెంటు ఉంది, మోటార్లు తిరుగుతున్నాయి, అడిగేవాళ్లు ఎవరూ లేరు. జనరేటర్ తాడు గుంజాను. మూడోసారికి అంటుకుంది. వెంటనే ఆపబుద్ధి కాలేదు. పొగ గొట్టానికి మూరెడు దూరంలో అరచెయ్యి పెట్టి, వెచ్చటి గాలి తగులుతుంటే చాలాసేపు అట్లాగే నిలబడ్డాను.