తనిఖీకి నిలబడని పెదనాన్న

మా చిన్నతనంలో ఆదివారం ఆటంటే తనిఖీ ఆటే...

ఇల్లందు వైపు నాన్న పనిచేసే బొగ్గు బాయి దగ్గర క్వార్టర్లలో ఉండేవాళ్లం. బాయిలోకి దిగే ముందు ఒకాయన అందరి జేబులూ తడిమేవాడట. లోపల గ్యాస్ ఉంటుంది. బీడీ, అగ్గిపెట్టె దొరికితే ఆ రోజు దిగనివ్వరు. నాన్న చెప్పిన ఈ సంగతిని మేం ఆట చేసుకున్నాం. నేనూ చెల్లీ గడప దగ్గర నిలబడి, లోపలికొచ్చే ప్రతి మనిషినీ తడిమేవాళ్లం.

నాన్న బుద్ధిగా చేతులు పైకెత్తేవాడు. చొక్కా జేబులో బీడీ కట్ట దొరికేది. "ఇంట్లకు రానియ్యం" అంటే "జమాదార్ సాబ్, ఈ ఒక్కపాలి ఇడిసిపెట్టు" అని దండం పెట్టేవాడు.

నాయనమ్మ అయితే మేం అడక్కముందే రొంటిలోంచి చుట్ట తీసి చూపించేది. "ఇగో... ఇంకోటి చెవి మీదున్నది, అది గూడ చూస్కో." ఏన్కూరు దగ్గర పుట్టింది. అడవిలో బీడీలకు తునికాకు కోస్తూ పెరిగింది. చదువు లేదు. అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగానే తాగేది.

మా ఇంట్లో మొదట చదువుకున్నది పెదనాన్న. హెడ్మాస్టర్. ఆదివారం చర్చి కాగానే పెద్దమ్మతో కలిసి మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. కంచం ముందు కూర్చోగానే నాన్నకు పాఠం మొదలు.

"నాలుగక్షరాలొస్తే ఈ పొగ జోలికి పోకపోదువురా."

నాయనమ్మ ఊరుకునేది కాదు. "నువ్వు సదివినవ్ గద పెద్దోడా. నా వంతు గూడ నువ్వే మానెయ్."

అందరం నవ్వేవాళ్లం... పెదనాన్న తప్ప.

ఒక ఆదివారం ఆయన్ని కూడా చేతులెత్తమన్నాను. ఒకడుగు వెనక్కి వేశాడు. జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏందీ బుద్ధిలేని ఆటలు!" అని కసిరాడు. అమ్మ పరుగున వచ్చి నన్ను లోపలికి లాక్కెళ్లింది. ఆ రోజుతో ఆట బంద్.

నాకు అనుమానం మొదలైంది మాత్రం ఆ రోజే.

ఇక కనిపెట్టి చూడసాగాను. భోజనం కాగానే పెరట్లోకి పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు జామాకు నములుతూ వచ్చేవాడు. "పండ్లకు మంచిది" అనేవాడు. అంత మంచిదైతే నాన్నకూ నాయనమ్మకూ ఎందుకు చెప్పడు? ఒకసారి దగ్గరికి జరిగి వాసన చూడబోతే అమ్మ తొడపాశం పెట్టింది.

"పెద్దోళ్ల నోరు వాసన జూస్తవా? సారు ఆయన."

"సారైతే?"

"సార్లు తాగరు."

మా ఇంట్లో అదే ఆఖరి మాట. నేను చూసింది ఆకు నమలడమే. తాగుతుండగా ఎప్పుడూ చూడలేదు. అందుకే ఇన్నేళ్లూ ఎవరితోనూ ఏమీ అనలేదు.

ఈ మధ్య పెదనాన్నకు హెర్నియా ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఖమ్మంలో ఒక దవాఖానాకు నేనూ పెద్దమ్మా తీసుకెళ్లాం. డెబ్బై దాటిన మనిషి. మెట్ల మీద ఆగి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

మత్తు డాక్టర్ కుర్రవాడు. మాకంటే ముందు ముదిగొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన, కాగితం మీద వేలిముద్ర వేశాడు.

"తాతా, బీడీలు రోజుకెన్ని?"

"నేను తాగ సారూ."

"నిజం చెప్పు తాతా."

"అయ్యో, నాకా వాసనే పడది సారూ!"

డాక్టర్ ముఖంలో నమ్మకం కనబడలేదు. తర్వాత పెదనాన్న ఫైలు చూశాడు. గొంతు మారింది.

"హెడ్మాస్టర్‌గా చేశారా సార్? మీకు అలవాట్లేమీ ఉండవు కదా?"

"లేవు."

పత్రికలో నా ఉద్యోగమే ప్రశ్నలు అడగడం. జవాబు ముందే లోపల పెట్టి అడిగితే ఏం వస్తుందో తెలుసు. పెద్ద వయసువాళ్లలో చదువు తక్కువున్నవాళ్లే పొగ ఎక్కువ తాగుతారని సర్వేలు చెబుతుంటాయి. నిజమే కావచ్చు. నాన్నా నాయనమ్మా అందుకు సాక్ష్యమే. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకొక సందేహం... ఎవరిని ఏమని అడిగారు?

ఆ గదిలో అయితే సందేహంతో సరిపెట్టుకోలేను. ఊపిరితిత్తుల సంగతి తెలియకుండా మత్తిస్తే ప్రాణం మీదికి రావచ్చు.

"పెదనాన్నా... ఎన్నేండ్ల నుంచి?" అని అడిగాను.

ఆయన కిటికీ వైపు చూశాడు. జవాబు పెద్దమ్మ చెప్పింది.

"టీచర్ ట్రైనింగ్ కాన్నుంచి సారూ. హాస్టల్ల దోస్తులు అలవాటు చేసిన్రు. మా పెండ్లి కంటె ముందే."

"నీకు... తెలుసా?" పెదనాన్న ఆమె వైపు తిరిగాడు.

"మీ అంగీలు ఉతికింది ఎవలనుకున్నరు? హాస్టల్ సంగతి మీ దోస్తులే చెప్పిన్రు."

చదువుకోవడానికి పోయిన చోటే పొగ అంటుకుంది. తర్వాత ఆ చదువే దాన్ని కప్పి ఉంచింది.

డాక్టర్ పెన్ను పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి అడిగాడు. ఆపరేషన్ వాయిదా వేశాడు. పరీక్షలో ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయని తేలింది. పూర్తిగా మానాలి, మందులు వాడాలి, తర్వాతే ఆపరేషన్.

కొన్నాళ్లు పెదనాన్న నాతో మాట్లాడలేదు. మొన్న తనే ఫోన్ చేశాడు.

"ఇది గూడ రాస్తవా ఏంది?"

"రాయాలనే ఉంది పెదనాన్నా."

"రాసుకో. నేను పనిచేసిన ఊరి పేరు మాత్రం పెట్టకు. నా దగ్గర చదివినోళ్లున్నరు." ఆ పేరు పెట్టలేదు. మానేశానని కూడా చెప్పాడు. అలవాటు కొద్దీ పెద్దమ్మను విడిగా అడిగాను. "అవ్ బిడ్డా, ఇప్పటికైతే మానిండు. రేపటి సంగతి నన్నడగకు" అంది.

ఇప్పుడు మా వైపు చుట్ట తాగే ముసలమ్మలు వీధిలో కనబడటం లేదు. మానేశారంటే సంతోషమే... కానీ నాకెందుకో పూర్తిగా నమ్మబుద్ధి కాదు. మీ ఇళ్లల్లో కూడా, పెద్దవారన్న గౌరవంతో ఎవరూ ఏమీ అడగని మనిషి ఉన్నారా? ఉంటే రాయండి. కానీ ముందు... వాళ్లను ఒకసారి అడగండి.