మిట్టపగలు ఆగే సాంచాలు

ఎండలు ముదిరే వేళ ఎవరి డాబా మీదనో తడి సున్నం పూస్తున్న వాసన వస్తే చాలు, నాకు హుస్నాబాద్‌లోని ఒక రేకుల షెడ్డు గుర్తొస్తుంది. మరమగ్గాలను మావైపు సాంచాలంటాం. ఆ షెడ్డులో ఎనిమిది సాంచాలుండేవి. భర్త పోయాక వాటిని భూలక్ష్మక్క ఒక్కతే నడిపింది. నా మొదటి యజమాని ఆమె. చదువుకున్నదాన్నని రాతకోతల పనంతా నాకే అప్పజెప్పింది.

ఆ ఏడు హైదరాబాద్ దుస్తుల కంపెనీ ఒకటి మా బట్ట కొంటామంటూ, పర్యావరణం కోసం మీరేం చేస్తున్నారో రాసి పంపమంది. ఆ ఆర్డర్ రాకపోతే సగం సాంచాలు తుక్కుకు పోవాల్సిందే. నేను మూడు రోజులు కూర్చుని భూమాత, భావితరాలు, పచ్చని రేపు అంటూ ఎడాపెడా రాసేశాను. రాసి ఎంత మురిసిపోయానో! అక్క చదివించుకుని విని, "గిదేం రాసినవే పిల్లా? ఎప్పుడో పుట్టేటోళ్ల ముచ్చట. ఎండ ఇప్పుడే సంపుతుంది గదా! రాజవ్వ పడిపోయింది రాయలేదేంది?" అంది.

కిందటి మే నెలలో నూలు కండెలు చుట్టే రాజవ్వ షెడ్డులోనే స్పృహ తప్పింది. గాలికి పోగులు తెగుతాయని ఫ్యాన్లు వేయనివ్వనిది అక్కే మరి! "అది రాస్తే మనకు ఆర్డర్ ఎవరిస్తారక్కా?" అన్నాను.

"నా తప్పు నేను దాస్తే, తర్వాత చేసిన మంచి ఎవరు నమ్ముతరు? రాజవ్వనడిగి రాయి."

రాజవ్వ సరేనన్నాక రాశాను. ఆమె పడిపోయిన సంగతి, ఆ తర్వాత వేడి దిగకుండా రేకుల మీద సున్నం వేయించిన సంగతి, ఎండాకాలం పొద్దున్నే ఐదింటికి మొదలుపెట్టి మిట్టపగలు నాలుగు గంటలసేపు సాంచాలు ఆపుతున్న సంగతి. అందువల్ల మేలో బట్ట ఆలస్యమవుతుందని కూడా.

కంపెనీ నుంచి వచ్చినాయన అది చదివి, "ఆలస్యమంటే కష్టమమ్మా" అన్నాడు.

"కష్టమే సారూ. ఆ ఫికర్ మాకూ ఉన్నది. గని మిట్ట పగటీలి మాత్రం సాంచ నడవది" అంది అక్క. ఆయన రాజవ్వ వైపు తిరిగి ఇదంతా నిజమేనా అని అడిగాడు.

"నిజమే సారూ. ఇప్పుడు పగటీలి ఇంటికి పోయి జర నడుం వాలుస్తున్న."

ఆర్డర్ ఇచ్చాడు. మేలో అందాల్సిన బట్టకు జూన్ చివరిదాకా గడువు కూడా ఇచ్చాడు. ఆ రోజు అక్కను చూసి నేను పడిన గర్వం అంతా ఇంతా కాదు.

ఇప్పుడు కరీంనగర్‌లో కంపెనీలకు ఇలాంటివి రాసిపెట్టడమే నా వృత్తి. రాబోయే తరాల గురించి మొదలుపెట్టేవాళ్లను ఆపి, "పోయిన ఎండాకాలం మీ దగ్గర ఎవరు పడిపోయారు? తర్వాత మీరేం చేశారు?" అని అడుగుతాను. కొందరు చిన్నబుచ్చుకుని లేచిపోతారు. పోతే పోనీ. ఇది భూలక్ష్మక్క దిద్దిన చేయి, అబద్ధం రాయదు.